అమ్మతో బ్యాంకాక్, ప్యాకేజీ లేకుండా, కార్తీక మాసంలో: కుదిరే పనేనా?

తెనాలి_పిల్ల
నవంబర్‌లో అమ్మని తీసుకుని బ్యాంకాక్ వెళ్దామని ఉంది. ట్రావెల్స్ వాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే పాట. రెండు రాత్రులు పట్టాయా, రెండు రాత్రులు బ్యాంకాక్, మధ్యలో రంగురాళ్ళ షోరూం, పడవలో డిన్నర్, బస్సులో ఎక్కించడం దింపడం. పట్టాయా వద్దండీ, ఐదు రోజులూ బ్యాంకాకే చూస్తాం అంటే "ఐదు రోజులు అక్కడ ఏం చేస్తారు మేడం" అని ఎదురు ప్రశ్న. విమానం టికెట్లు కాక ఇద్దరికీ కలిపి 40 వేలల్లో అయిపోవాలి. సొంతంగా తిరుగుతాం, నడుస్తాం, బస్సులెక్కుతాం, దానికేం లేదు. ఇబ్బందల్లా రెండు. అమ్మకి అరవై దగ్గర పడింది, నడక పర్లేదు గానీ నిటారుగా ఉండే మెట్లంటే భయం. రెండోది, మేం వెళ్ళేది కార్తీకంలో పడుతోంది. మామూలుగానే శాకాహారం, ఆ నెలంతా ఉల్లి వెల్లుల్లి కూడా ముట్టదు. చేపల సాస్ లేకుండా పూట గడవని ఊళ్ళో ఆవిడకి ఏం పెట్టాలి? గది ఎక్కడ తీసుకోవాలి? ఇంకోటి, ఆఫీసులో బ్యాంకాక్ అనగానే ప్రతివాడూ ఒక రకంగా నవ్వుతున్నాడు. దానికి మాత్రం సలహా అక్కర్లేదు.

బ్యాచిలర్_బాలు
అమ్మతో బ్యాంకాకా! పెళ్ళి భోజనానికి క్యారేజీ కట్టుకెళ్ళినట్టుంది, హహ

తెనాలి_పిల్ల
మొదటి రిప్లయ్ ఇలాంటిదే వస్తుందని మా చెల్లితో పందెం కాశా. వంద రూపాయలు నాకే.

సుఖుంవిట్_సుబ్బారావు
బాలూ, నువ్వనుకునే బ్యాంకాక్ నానా స్టేషన్ పక్కన రెండు మూడు సందులు, పాత్‌పోంగ్‌లో ఇంకో సందు. మిగతా ఊరంతా పొద్దున్నే లేచి ఆఫీసులకి పోయేవాళ్ళే, అందులో నేనూ ఒకణ్ణి.

అమ్మాయ్, ఈ ఊళ్ళో డబ్బు కారిపోయేది గది అద్దెలో కాదు, తిండిలో కాదు, ట్రాఫిక్‌లో. అందుకే గది ఎక్కడ తీసుకున్నావన్న దాన్ని బట్టే నీ బడ్జెట్ ఉంటుంది. ఇండియన్ హోటల్ పక్కన వెతక్కు, రైలు పక్కన వెతుకు. నా ఓటు ఫయా థాయ్, రాచతేవి స్టేషన్ల మధ్య. సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ కిందే ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఎక్కితే చివరి స్టేషన్ ఫయా థాయ్, మనిషికి 45 బాట్, అరగంటలో దింపుతుంది. టాక్సీ అయితే మీటరుకి తోడు ఎయిర్‌పోర్ట్ సర్‌ఛార్జి 50, పైన టోల్ గేట్లు మనవే. ఫయా థాయ్‌లో దిగి అక్కడే పైకెక్కితే బీటీఎస్ స్కైట్రైన్. తర్వాతి స్టేషన్ రాచతేవి, దాని పక్కనే సాన్ సేప్ కాలవ మీద పడవల రేవు. శుభ్రమైన ఏసీ డబుల్ రూం వెయ్యి బాట్‌కి అటూ ఇటూ దొరుకుతుంది. బాట్‌ని మూడు రూపాయలతో లెక్కేసుకో, తగ్గితే నీకే లాభం.

ప్రతునాం_ప్రసాద్
రైలు పక్కన పడుకోబెట్టి తిండి లేకుండా చేస్తే ఎలా సుబ్బారావుగారూ. పెద్దావిడతో వెళ్ళేవాళ్ళు ప్రతునాం తప్ప ఇంకో పేరెత్తకూడదు. మేం బట్టల కొనుగోళ్ళకి వెళ్తూ వస్తూ ఉంటాం, బయోక్ టవర్ చుట్టుపక్కల సందుల్లో పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ, షాపులవాళ్ళకి హిందీ ముక్కలు వచ్చు. అమ్మగారికి కొత్త ఊరన్న టెన్షనే ఉండదు.

పెసరట్టు_ఫ్యాన్
ఆ సందుల్లోనే నేనూ దోశ తిన్నా. బోర్డు మీద దోశ అని ఉంది కాబట్టి దోశ అంటున్నా.

తెనాలి_పిల్ల
ప్రసాద్‌గారూ, కొత్త ఊరన్న సంగతి తెలియకుండా ఉండటానికైతే తెనాలిలోనే ఉంటాం కదండీ.

కోఠి_టు_ఖావ్‌సాన్
అక్కా, ఇద్దరూ పాత ఊరిని మర్చిపోయారు. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో (వాట్ అంటే గుడి), నేషనల్ మ్యూజియం అన్నీ నడిచే దూరంలో ఉండాలంటే ఖావ్ సాన్ పక్కన బాంగ్లంఫూలో దిగాలి. డార్మ్‌లో బెడ్ 350 బాట్ నుంచి ఉంటది, మస్తు చీప్.

చెన్నై_చంద్రిక
అమ్మని డార్మ్‌లో బంకు బెడ్డు ఎక్కిస్తావా బాబూ?

కోఠి_టు_ఖావ్‌సాన్
డార్మ్ సోలోగా పోయేవాళ్ళకు చెప్పిన. ఫ్యామిలీకి గెస్ట్‌హౌస్‌లు ఉన్నయ్. ఖావ్ సాన్ రోడ్డు మీద మాత్రం తీసుకోవద్దు, అర్ధరాత్రి దాటినా స్పీకర్లు ఆగవు. ఫ్రా అతిత్ రేవు దిక్కు, సామ్‌సేన్ సందుల్లో చూడండి, ప్రశాంతం.

సుఖుంవిట్_సుబ్బారావు
అది నిజమే, అందమైన పేట. కానీ మెట్రో గానీ స్కైట్రైన్ గానీ అక్కడికి రావు. చతుచక్ వారాంతపు సంతకో సీలోం పేటకో వెళ్ళాలంటే ఎక్కువగా బస్సో టాక్సీయో. పడవలు కూడా రాత్రి పొద్దుపోయేదాకా ఉండవు.

చెన్నై_చంద్రిక
అత్తగారిని తీసుకెళ్ళి వచ్చినదాన్ని, తిండి సంగతి నాకొదిలేయండి. అక్కడ "జే" అని ఒక పద్ధతి ఉంది. చైనీస్ బౌద్ధుల శాకాహారం. పసుపు రంగు జెండా లేదా బోర్డు, మీద ఎర్రటి థాయ్ అక్షరాలు, మనకి 17 అంకె రాసినట్టు కనిపిస్తాయి. అది ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. వాళ్ళ నియమం మన కార్తీకం కంటే గట్టిది! "గిన్ జే" అంటే చాలు, జే తింటాం అని అర్థమైపోతుంది. "మంగ్‌సవిరత్" అన్నా శాకాహారమే గానీ అందులో గుడ్డు, వెల్లుల్లి వచ్చేస్తాయి, మీకు పనికిరాదు. చైనాటౌన్ యావరాత్‌లో జే కొట్లు ఏడాదంతా ఉంటాయి, మెట్రోలో వాట్ మంగ్‌కోన్ స్టేషన్‌లో దిగాలి.

ఒక్క జాగ్రత్త. సోయాతో, గోధుమ జిగురుతో బాతు ముక్కలు, చేప ముక్కలు అచ్చంగా చేసి పెడతారు. చర్మం గీతలు కూడా వేస్తారు. మా అత్తగారు ఒక ముక్క గరిటెతో తిప్పి చూసి, లేచి వెళ్ళి బయట నిలబడ్డారు. అది సోయా అత్తయ్యా అంటే "సోయా అయితే సోయాలా ఉండొచ్చుగా" అన్నారు. కాబట్టి అమ్మగారికి ముందే చెప్పండి, లేదంటే టోఫూ, పుట్టగొడుగులు, తోటకూర లాంటి ఆకుకూర వేపుళ్ళు వేలితో చూపించి పెట్టించుకోండి. ఆ కొట్లలో వండిన ట్రేలన్నీ గాజు వెనక వరసగా ఉంటాయి, అన్నం మీద రెండు కూరలకి 50 బాట్ లోపే. కాఫీలో పాలుండవు, అది ఇంకో గొడవ.

పెసరట్టు_ఫ్యాన్
సోయా అయితే సోయాలా ఉండొచ్చుగా! ఈ అత్తగారికి ఇక్కడ అకౌంట్ తెరవండి దయచేసి.

తెనాలి_పిల్ల
చంద్రికగారూ, మా అమ్మ కూడా అచ్చం అదే మాట అంటుంది. రోడ్డు పక్క బొప్పాయి సలాడ్ సంగతి?

చెన్నై_చంద్రిక
సోమ్ తమ్ అంటారు, పచ్చి బొప్పాయి తురుము. ఎండు రొయ్యలు, చేప సాస్ తప్పనిసరి, వెల్లుల్లి దంచి మొదలుపెడతారు. "మాయ్ సాయ్ నామ్ ప్లా, మాయ్ సాయ్ కుంగ్ హేంగ్" అంటే చేప సాస్, ఎండు రొయ్యలు వెయ్యొద్దని. వెయ్యరు. కానీ రోలు అదే రోలు కదా. మీరు తినండి, అమ్మగారికి మామిడిపండుతో కొబ్బరిపాల జిగురన్నం ఇప్పించండి, అందులో ఏ అభ్యంతరమూ లేదు.

తక్కువ ధరలో ఏసీలో కూర్చుని తినాలంటే అసోక్ స్టేషన్‌కి ఆనుకుని టెర్మినల్ 21 మాల్, పై అంతస్తులో పియర్ 21 ఫుడ్ కోర్ట్. ముందు కౌంటర్‌లో కొంత డబ్బు కట్టి కార్డు తీసుకోవాలి, కొట్ల దగ్గర దాంతోనే కొనడం, మిగిలింది వెళ్ళేటప్పుడు తిరిగిస్తారు. మాల్ కదా అని భయపడక్కర్లేదు, ప్లేటు 40, 60 మధ్యలో. శాకాహారం కౌంటర్ కూడా ఉంది.

ప్రతునాం_ప్రసాద్
పహురత్ గురుద్వారా మర్చిపోయారు. పొద్దున పూట లంగర్‌లో, అంటే గురుద్వారాలో ఊరికే పెట్టే భోజనంలో, రొట్టె పప్పు పెడతారు. ఉల్లిపాయ ఉండొచ్చు, అడగండి. సామ్ యోట్ మెట్రో నుంచి నడిచిపోవచ్చు.

లెక్కల_మాస్టారు
రైలు రైలు అంటున్నారు, లెక్క చూడండి. బీటీఎస్ మనిషికి దూరాన్ని బట్టి 17 నుంచి 40లు దాటుతుంది, గ్రూప్ డిస్కౌంట్ లేదు. ఇద్దరికి 35 చొప్పున 70. అదే దూరానికి యాప్‌లో బుక్ చేస్తే గ్రాబ్ గానీ బోల్ట్ గానీ నూరు, నూట ఇరవై. ఇంకా స్టేషన్ నుంచి హోటల్‌కి ఎండలో నడక లేదు. పెద్దావిడకి 40 బాట్ ఆదా చెయ్యడం కోసం మెట్లెక్కిస్తారా? స్కైట్రైన్ అంటేనే మూడో అంతస్తు ఎత్తున ఉంటుంది.

సుఖుంవిట్_సుబ్బారావు
మాస్టారూ, లెక్క సరే, గడియారం వదిలేశారు. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా సుఖుంవిట్ రోడ్డు మీద మీ గ్రాబ్ ఒకే సిగ్నల్ దగ్గర పావుగంట నిలబడుతుంది. వానొచ్చిందా, ఇక అంతే. స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి, కాకపోతే రోడ్డుకి ఏ పక్కన ఉందో వెతుక్కోవాలి.

లెక్కల_మాస్టారు
సరే, సాయంత్రం ఐదు దాటితే రైలు, మధ్యాహ్నం ఎండలో కారు. రాజీ.

కాలవగట్టు_కిట్టు
ఇద్దరూ రోడ్డు గురించే కొట్టుకుంటున్నారు, ఈ ఊరు నీళ్ళ మీద కట్టిన ఊరండీ బాబూ. నాకు బ్యాంకాక్‌లో నచ్చింది సాన్ సేప్ కాలవ పడవే. కాలవ నల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది, అబద్ధం చెప్పను. పొడుగు పడవ రేవు దగ్గర పూర్తిగా ఆగదు, తాడు పట్టుకుని గబుక్కున ఎక్కెయ్యాలి. టికెట్లు కొట్టేవాళ్ళు నెత్తిన హెల్మెట్ పెట్టుకుని పడవ అంచు మీద, బయటి వైపున నడుస్తుంటారు. ఎదురు పడవ వచ్చినప్పుడు నీళ్ళు చిమ్మకుండా పక్కన కూర్చున్నవాళ్ళు తాడు లాగి ప్లాస్టిక్ పట్టా పైకెత్తాలి. వంతెనల కింద పైకప్పు కూడా కిందికి దించుతారు. ఆఫీసు ఆడవాళ్ళు చీమ కుట్టినట్టు కూడా లేకుండా ఫోన్ చూసుకుంటూ ఒక చేత్తో ఆ తాడు లాగుతారు. పది ఇరవై బాట్లకి ఊరు అడ్డంగా దాటేయొచ్చు, పైన రోడ్డు మీద కార్లన్నీ అక్కడే ఉంటాయి. ప్రసాద్‌గారి ప్రతునాంలోనూ రేవుంది, సుబ్బారావుగారి రాచతేవి దగ్గరా రేవుంది, కాబట్టి మీ ఇద్దరి గొడవ అనవసరం.

కాకపోతే అమ్మగారిని దీనికంటే చావో ఫ్రాయా నది పడవ ఎక్కించడం మేలు, అది నిదానంగా ఆగుతుంది. బీటీఎస్‌లో సఫాన్ తక్సిన్ దిగితే కిందే సాథోర్న్ రేవు. అక్కడ మనల్ని చూడగానే నీలం జెండా టూరిస్ట్ పడవ వైపు పంపుతారు, దాని రేటు వేరు. నారింజ జెండా పడవ అడగండి, ఎంత దూరమైనా 16 బాట్. తా తియన్ రేవులో దిగితే వాట్ ఫో, అక్కడి నుంచి 5 బాట్ ఇస్తే అవతలి ఒడ్డున వాట్ అరుణ్‌కి దాటిస్తారు.

తెనాలి_పిల్ల
సినిమాలా చెప్పారు కిట్టుగారూ. నాకు కాలవ, అమ్మకి నది. వాట్ అరుణ్ మెట్లు ఫొటోల్లో చూస్తే నిచ్చెనలా ఉన్నాయి?

కాలవగట్టు_కిట్టు
ఎక్కక్కర్లేదు. గోపురం అంతా పింగాణీ ముక్కలు, కప్పులూ సాసర్లూ పగలగొట్టి పువ్వుల్లా అతికించినవి, అది కింద నిలబడి చూడాల్సిందే. టికెట్ 200. సాయంత్రం అయితే ఇవతలి ఒడ్డు నుంచి ఊరికే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

చెన్నై_చంద్రిక
వాట్ ఫో మాత్రం వదలొద్దు. 46 మీటర్ల శయన బుద్ధుడు, పాదాల మీద ముత్యపు చిప్పలతో 108 శుభ చిహ్నాలు. వెనక గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు, 20 బాట్ ఇస్తే చిల్లర బిళ్ళలు ఇస్తారు, గిన్నెకొకటి వేసుకుంటూ పోవడం. హాలంతా టంగు టంగుమని అదే చప్పుడు. అత్తగారు అష్టోత్తరం చదువుతూ వేశారు, లెక్క కుదిరిందని భలే సంబరం.

ఇందాక_వెళ్ళొచ్చా
గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఒక పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో ఐడీ కార్డు, "ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా టుక్‌టుక్‌లో 20 బాట్‌కి నాలుగు గుళ్ళు చూపిస్తాడు" అంటాడు. మూసెయ్యలేదు. ఆ టుక్‌టుక్ ఆగేది రంగురాళ్ళ షాపు దగ్గర, తర్వాత సూట్లు కుట్టే షాపు దగ్గర. మీ ప్యాకేజీలో షోరూం ఉందన్నారు చూడండి, అదే వ్యవహారం, కాకపోతే ఏసీ బస్సులో. ఎవరి మాటా వినకుండా నేరుగా గేటు దాకా వెళ్ళి చూడండి. పొద్దున 8:30కి తెరుస్తారు, టికెట్లు మధ్యాహ్నం 3:30 దాకా. మనిషికి 500 బాట్, ఇక్కడ చెప్పుకున్న వాటిలో ఖరీదైన టికెట్ ఇదే.

కోఠి_టు_ఖావ్‌సాన్
500 దండగ అక్కా. బయటి గోడ చూసి వచ్చెయ్యండి.

పోతన_వీరాభిమాని
దండగేంటి నాయనా! లోపల వాట్ ఫ్రా కేవ్ చుట్టూ వసారా గోడల మీద రామాయణం మొత్తం 178 చిత్రాల్లో గీసి ఉంది. బంగారు పూతతో. వాళ్ళ రామాయణం పేరు రామకియన్. ఈ ఊరిని 1782లో రాజధాని చేసిన రాజుని మొదటి రాముడు అంటారు, ఇప్పుడున్నాయన పదో రాముడు. ఊరి మీద ఏం చదవకపోయినా ఆ గోడల వెంట ఒక గంట నడిస్తే చాలు. అయితే అమ్మగారికి ఒకటి చెప్పి ఉంచండి, అక్కడి హనుమంతుడు బ్రహ్మచారి కాడు. ఆయనకి మత్స్యకన్యతో ప్రేమకథ, కొడుకు కూడా.

బ్యాచిలర్_బాలు
అదీ బ్యాంకాక్ అంటే!!

సుఖుంవిట్_సుబ్బారావు
బాలూ, ఆ గుళ్ళో ఇలాంటి జోకులేస్తే బయటికి పంపుతారు. రాజకుటుంబం మీద అయితే జైలే. పొద్దున 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయ గీతం వేస్తారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మనమూ ఆగాలి. ఆడవాళ్ళు బౌద్ధ సన్యాసులకి తగలకూడదు, రైల్లో పక్క సీటులో కూర్చోకూడదు. ఇంకోటి, ప్యాలెస్‌లో భుజాలూ మోకాళ్ళూ కప్పి ఉండాలి. అమ్మగారి చీరకి ఢోకా లేదు, నీ లెగ్గింగ్సే ప్రాబ్లం, ఒంటికి అతుక్కునేవి ఒప్పుకోరు.

చేబ్రోలు_చిన్నోడు
డబ్బులు లేకుండా చూసేవి ఎవరూ చెప్పట్లేదు. చిట్ లోమ్ స్టేషన్ దిగితే ఎరవాన్ మందిరం, నాలుగు ముఖాల బ్రహ్మ, 1956లో పక్కన హోటల్ కట్టేటప్పుడు పెట్టారు. బ్రహ్మకి గుళ్ళు లేవంటారు గానీ అక్కడ నిలబడటానికి చోటుండదు. మొక్కు తీరినవాళ్ళు డబ్బు కట్టి నాట్యం చేయిస్తారు, పక్కనే నర్తకులు మేళంతో కూర్చుని ఉంటారు. అదే కూడలి చుట్టూ వినాయకుడు, త్రిమూర్తి, గరుడుడి మీద నారాయణుడు, ఇంద్రుడు, ఒక మాల్ పైన లక్ష్మీదేవి. అన్నీ షాపింగ్ మాల్స్, హోటళ్ళ దగ్గరే. గురువారం సాయంత్రాలు త్రిమూర్తికి ఎర్ర గులాబీలు పట్టుకొచ్చేది ప్రేమ కోసం మొక్కుకునే కుర్రాళ్ళు. సయాం దాకా స్కైవాక్ ఉంది, ఎండ తగలదు. (బ్రహ్మ గుడి మా ఊళ్ళో కూడా ఉంది, గుర్తుపెట్టుకోండి.)

పెసరట్టు_ఫ్యాన్
బాలుకి ఆ త్రిమూర్తి అడ్రస్ ఇవ్వండి ఎవరైనా.

పోతన_వీరాభిమాని
సీలోంలో మారియమ్మన్ గుడి కూడా. తమిళులు 19వ శతాబ్దంలో కట్టుకున్నది, ఇప్పుడు వచ్చేవాళ్ళలో థాయ్ వాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. ఆ చుట్టుపక్కల దక్షిణాది హోటళ్ళు ఉన్నాయి, పెసరట్టుగారి దోశ బాధ అక్కడ తీరొచ్చు.

చెన్నై_చంద్రిక
అసలు విషయం ఎవరూ అనలేదు! కార్తీక పౌర్ణమి తేదీ చూసుకుని టికెట్లు తీసుకోండి. వాళ్ళ పన్నెండో చాంద్రమాసంలో పున్నమికి లోయ్ క్రథోంగ్ పండగ, చాలా ఏళ్ళు మన కార్తీక పౌర్ణమితో ఒకే రోజు వస్తుంది. అరటి బోదె అడ్డంగా కోసిన బిళ్ళ, చుట్టూ అరటాకు మడతలు, మధ్యలో పూలు, అగరొత్తులు, కొవ్వొత్తి. దాన్ని నదిలో వదులుతారు. మనం అరటి దొప్పలో వత్తి వెలిగిస్తాం, అంతే తేడా. రేవుల దగ్గర పొద్దున్నుంచే ఆడవాళ్ళు కూర్చుని అల్లి అమ్ముతారు. రొట్టెతో చేసినవి కూడా ఉంటాయి, చేపలు తింటాయని. అత్తగారు మాత్రం కొనలేదు, అరటి బోదె ముక్క అడిగి పుచ్చుకుని, ఇంటి నుంచి తెచ్చిన వత్తులు పెట్టారు. అమ్మే ఆవిడ డబ్బు తీసుకోలేదు.

తెనాలి_పిల్ల
ఇది అమ్మకి చదివి వినిపించా. ఇప్పటిదాకా "నాకెందుకే ఆ ఊళ్ళు" అంటోంది, ఇప్పుడు వత్తులు ఎన్ని పట్టుకెళ్ళాలి అని అడుగుతోంది.

కోఠి_టు_ఖావ్‌సాన్
ఆ రాత్రి ఫ్రా అతిత్ పక్కన పార్కు దగ్గర నదికి పోండి, కానీ జనం జాతరే. ఆ రోజుల్లోనే వాట్ సకేత్ గుట్ట కింద కూడా జాతర పెడతరు, రంగులరాట్నం, వేపుళ్ళు, అన్నీ. గుట్టకి మూడొందలకు పైగా మెట్లున్నయ్ గానీ చుట్టూ తిరుగుతూ పోతయ్, నిటారు కాదు. అమ్మ ఆగుకుంటూ ఎక్కొచ్చు.

లెక్కల_మాస్టారు
పండగ వారం గదుల రేట్లు పెరుగుతాయి, ముందే బుక్ చెయ్యండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి వాళ్ళకి సీజన్ కూడా. ఖర్చు లెక్క: గది ఐదు రాత్రులకి 5,000, తిండి రోజుకి 500 చొప్పున 2,500, తిరగడానికి రోజుకి 300 చొప్పున 1,500, ప్యాలెస్ 1,000, వాట్ ఫో మనిషికి 300 కాబట్టి 600, వాట్ అరుణ్ 400. మొత్తం 11,000. మూడుతో గుణిస్తే 33 వేలు. ఏడు వేలు చేతిలో ఉంటాయి, చతుచక్ సంతలో ఎలాగూ పోతాయి.

ఇందాక_వెళ్ళొచ్చా
ఏటీఎంలో తీయకండి, మన కార్డుకి ప్రతిసారీ 220 బాట్ పైనే కోత. నోట్లు పట్టుకెళ్ళి మార్చుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో పై అంతస్తు కౌంటర్ల కంటే కింద రైలు దగ్గరున్న కౌంటర్లలో రేటు నయం. వీసా సంగతి: 2024 జూలైలో మనవాళ్ళకి వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు, ఈ రూల్స్ మారుస్తూ ఉంటారు కాబట్టి టికెట్ కొనేముందు ఎంబసీ సైట్ చూడండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగడానికి మూడు రోజుల ముందు నుంచి. అది ఉచితం. డబ్బులడిగే సైట్ కనబడితే అది నకిలీది. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి పెట్టుకోండి, అడిగినా అడుగుతారు.

తెనాలి_పిల్ల
రాచతేవిలో గది బుక్ చేశా, రద్దు చేసుకునే వీలున్నది. ప్రసాద్‌గారూ ఏమనుకోకండి, పడవలో మీ ప్రతునాం వస్తాం. ఇంకా రెండు డౌట్లు. అమ్మ చిన్న కరెంటు కుక్కర్ పట్టుకొస్తానంటోంది. రెండోది, అయుత్తయకి ఒక రోజు ఇవ్వొచ్చా?

సుఖుంవిట్_సుబ్బారావు
కుక్కర్ వద్దు. మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడి సాకెట్‌లో పట్టదు, గదుల్లో వంట చేస్తే ఊరుకోరు. ఫోన్ ఛార్జర్ రెండు పిన్నులు పడతాయి. పులిహోర పొడి తెచ్చుకో, తెల్లన్నం ఏ కొట్లో అయినా 10, 15 బాట్లకి కట్టిస్తారు.

అయుత్తయకి తప్పకుండా ఇవ్వు. హువా లంఫోంగ్ పాత స్టేషన్ నుంచి మూడో తరగతి ఆర్డినరీ రైలు, టికెట్ చాలా చవక, రెండు గంటల లోపు. 1350 నుంచి 1767లో బర్మా వాళ్ళు తగలబెట్టేదాకా అదే రాజధాని. వాట్ మహాతాత్‌లో చెట్టు వేళ్ళ మధ్య ఇరుక్కున్న బుద్ధుడి తల ఉంది, ఫొటో తీసుకునేటప్పుడు నిలబడకూడదు, తల కంటే కిందికి కూర్చోవాలి, కాపలా అతను చెప్తాడు. అక్కడ మాత్రం సైకిల్ కాదు, గంటల లెక్కన టుక్‌టుక్ మాట్లాడుకో, గుళ్ళు దూరదూరంగా ఉంటాయి. పనిదినం రోజు పెట్టుకో, శని ఆదివారాల్లో ఒకటి చతుచక్‌కి కావాలి.

లెక్కల_మాస్టారు
టుక్‌టుక్ రేటు ఎక్కే ముందే ఖాయం చేసుకోండి. ఆ ఏడు వేల మిగులు ఇక్కడ కూడా కొంత పోతుంది.

తెనాలి_పిల్ల
సరే, బుధవారం అయుత్తయ. పులిహోర పొడి లిస్టులో రాశా.